మనిషిని ఆఖర్న అనుమానించాలి

మా మైకుసెట్టు బాబాయి గారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న వాళ్లబ్బాయి మా గుమ్మంలో నిలబడి ఆ కబురు చెప్పాడు. నిద్రలోనే పోయారట. "అక్కా, ఆటోలో చెప్పించాలండి. మీ గొంతుతోనే చెప్పించమని నాన్న ఎప్పుడో అన్నారు" అన్నాడు.

మా భీమవరంలో ఎవరైనా పోతే ఆటోకి మైకు కట్టి వీధివీధికీ చెప్పిస్తారు. ఆ మాటలు రికార్డు చేసేది నేనే. చీరల కొట్టు తగ్గింపులు, రొయ్యల మేత, పోలియో చుక్కలు, చావు కబుర్లు, అన్నీ మా వెనకగదిలో గోడలకి పాత బొంతలు వేలాడదీసుకుని, ఒక్క మైకు ముందు కూర్చుని ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఇల్లు నడిచేది సగం దీనిమీదే.

బాబాయి గారిది మా పక్కిల్లు. పెళ్లిళ్లకి మైకుసెట్లు అద్దెకిచ్చేవారు. ఆయన గుసగుసలాడితే కాలవ అవతలికి వినబడేది. అంత గొంతున్న మనిషి మైకుని మాత్రం చేతులు కడుక్కుని గానీ ముట్టుకునేవారు కాదు. ఎవరైనా మైకు మీద కొట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊదారంటే మండిపడేవారు. "అది చెవిరా. ఎవరి చెవిలోనైనా ఊదుతామా?" అనేవారు. ఈ పని నాకు నేర్పిందీ, నా మైకు కొనిపెట్టిందీ ఆయనే.

ఏడేళ్ల క్రితం నాకు థైరాయిడ్ గడ్డకి ఆపరేషన్ అయింది. గొంతు నరం ఆ గడ్డని అంటిపెట్టుకునే ఉంటుందనీ, మాట సన్నబడే ప్రమాదం ఉందనీ డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెలన్నర మాట్లాడకుండా కూర్చుని లోలోపల చచ్చేంత భయపడ్డాను. ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజకి ఏటా మైకుకి ఒక్క బొట్టు పెట్టేదాన్ని. ఆ ఏడు భయం కొద్దీ భక్తి ముదిరింది. పసుపు చిక్కగా కలిపి మైకు తలకాయంతా పూసి, దానిమీద కుంకుమ బొట్లు పెట్టాను. మర్నాడు పైపైన తుడిచేశాను.

నాలుగు రోజుల తర్వాత మొదటి రికార్డింగుకి కూర్చున్నాను. రికార్డింగు పెట్టెమీద గొంతు ఎంత గట్టిగా పడుతోందో చూపే ఆకుపచ్చ దీపాలు ఎప్పుడూ ఏడో ఎనిమిదో వెలిగేవి, ఆవేళ రెండు దాటలేదు. వాల్యూమ్ బటన్ చివరిదాకా తిప్పితే బుస్సుమని రొద తప్ప మాట పైకి రాలేదు. మైకుకి పెదాలానించి చెప్పినా అంతే. గొంతు పోయిందనుకున్నాను. మా ఆయన్ని అడిగితే ఎప్పట్లాగే ఉంది కదా అన్నారు. ఓదార్చడానికి అంటున్నారనుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

బాబాయి గారు తనంతట తానే వచ్చారు. మైకు పలకడం లేదని మాత్రం చెప్పాను. ఇచ్చిన టీ సాసరులో పోసుకుని తాగి, చేతులు కడుక్కుని కింద చతికిలబడ్డారు. వైరు మార్చి నన్ను మాట్లాడమన్నారు. రెండే దీపాలు. సాకెట్టు శుభ్రం చేశారు. రెండే. ఇక దాచలేక డాక్టరు గారన్న మాట చెప్పేసి, తప్పు మైకుది కాదు బాబాయి గారూ, నా గొంతే పోయింది అన్నాను.

"ఉండమ్మా. ముందు వైరు, తర్వాత సాకెట్టు, తర్వాత మైకు. మనిషిని ఆఖర్న అనుమానించాలి. ఇప్పుడు నేను మాట్లాడతాను."

వద్దని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన గొంతుకి దీపాలన్నీ వెలిగితే నా పని అయిపోయినట్టే. అది తెలుసుకునే ధైర్యం నాకు లేదు. ఆయన చెయ్యి విడిపించుకోలేదు. నా వేళ్లు వాటంతటవే వదిలేదాకా ఆగి, మైకు దగ్గరికి వంగి, పెళ్లిపందిట్లో చెప్పినట్టు "హలో" అన్నారు.

రెండే దీపాలు వెలిగాయి.

అంతటి గొంతుకీ రెండే. నేను బావురుమన్నాను. ఆయన తాపీగా మైకు జాలీ తిప్పి ఊడదీశారు. లోపలి నల్ల స్పాంజి పచ్చగా, అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. జాలీ కన్నాల నిండా ఎండిన పసుపే.

"బొట్టు నుదుటన పెడతాం గానీ చెవుల్లో కూరతామా అమ్మాయ్?" అన్నారు. జాలీ కడిగి ఆరబెట్టి, కొత్త స్పాంజి తెచ్చి వేశారు. నేను నా పేరు చెప్పుకుంటే ఎనిమిది దీపాలు వెలిగాయి.

నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. ఆయన మాత్రం పోయేదాకా ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు. ఏటా దసరాకి కుంకుమ భరిణె పట్టుకొచ్చి, మైకు స్టాండు కాలికి ఒక్క బొట్టు ఆయనే పెట్టి వెళ్లేవారు.

మంగళవారం ఆయన కబురు చదవడానికి కూర్చున్నాను. దీపాలు రెండు దాటలేదు. మళ్లీ అదే భయం. వైరు మార్చాను. సాకెట్టు తుడిచాను. జాలీ విప్పితే స్పాంజి నల్లగా శుభ్రంగా ఉంది. చివరికి వాళ్లబ్బాయిని ఒక్కసారి హలో అనమన్నాను. తండ్రి గొంతే వాడిదీ. దీపాలన్నీ చివరి ఎర్రదీపం దాకా వెలిగాయి.

మరో మూడుసార్లు చదివాను. ఆయన పోయారన్న మాట నా నోటంట అంతకంటే పైకి రాలేదు. అదే ఇచ్చి పంపాను.

ఆటో మా వీధి చివరికి వెళ్లి ఆగింది. సౌండు పెంచితే రొద తప్ప మాట తెలియడం లేదట. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నేను గేటు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. వినబడక జనం ఒక్కొక్కరే ఇళ్లలోంచి బయటికొచ్చి, ఆటో చుట్టూ చేరి, మైకు వైపు చెవి వంచి నిలబడ్డారు.