మీసం తీసిన సెలవు

“నీళ్ళ కింద ఫోన్ మోగదట” అన్నాడు బావ ఒక ఆదివారం పొద్దున్న, చేతిలో కాఫీ చల్లారిపోతుంటే.

బావంటే నా మొగుడే. మా అమ్మ అన్నగారి కొడుకు. మేనరికం కాబట్టే ఏడో తరగతితో ఆగిపోయిన నాకు కంప్యూటర్ల మొగుడు దొరికాడని మా వైపు వాళ్ళు ఇప్పటికీ అంటారు. అప్పట్లో మేం సింగపూర్‌లో టాంపినీస్ అనేచోట, లిఫ్టు ఆగని అంతస్తులో ఉండేవాళ్ళం. లిఫ్టు దిగి ఇంకో అంతస్తు మెట్లెక్కాలి. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారట, ఆ రెండంకెలూ సున్నాలయ్యేసరికి లోకంలో లెక్కలన్నీ తారుమారైపోతాయట. వాటిని సరిచెయ్యడానికి మనవాళ్ళు ఎంతమందో సింగపూర్ వచ్చి పడ్డారు. పని ఉన్నవాడు అదృష్టవంతుడు అనుకునే రోజులవి. బావంత అదృష్టవంతుడు మా బ్లాకులో ఇంకొకడు లేడు.

ఆఫీసు నుంచి రైలెక్కి కూర్చోగానే నిద్రపోయేవాడు. మా స్టేషన్ తర్వాత పాసిర్ రిస్, దాంతో లైను ఆఖరు. ఆ రైలే మళ్ళీ వెనక్కి మళ్ళితే బావ అందులోనే తల వాల్చుకుని ఊరి నడిమధ్యకు వెళ్ళిపోయేవాడు. ఇంటికొచ్చి “ఇవాళ ఆఫీసుని రెండుసార్లు చూశాను” అనేవాడు. మొదట్లో నేనూ పాపా నవ్వేవాళ్ళం. తర్వాత నవ్వడం మానేశాం. అన్నం కలుపుతుంటే ఫోన్. స్నానానికి వెళ్తే ఫోన్. మోగకపోయినా ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయి, “మోగిందా?” అని అడిగేవాడు. అప్పటికి పాప చిన్నది. బొమ్మ తెచ్చి ఒళ్ళో పెడితే దాన్ని అలాగే పట్టుకుని కూర్చునేవాడు గాని, అదేంటని కూడా అడిగేవాడు కాదు.

నాకున్న భయం ఒక్కటే. ఈ మనిషి ఏదో ఒకరోజు ఏ ప్లాట్‌ఫారం మీదో నిలువునా కూలిపోతాడని. నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే చాలు. అంతకు మించి నేను ఏ దేవుడినీ ఏదీ అడగలేదు. నాకూ ఓపిక అయిపోయింది. ఆయన మేలుకుని ఉన్నంతసేపూ నేనూ మేలుకునే ఉండేదాన్ని.

అందుకే నీళ్ళ కింద ఫోన్ మోగదట అన్నప్పుడు నేను వెంటనే “పోదాం” అన్నాను. ఎక్కడికో, ఎందుకో అడగలేదు.

పోవలసింది మలేషియా వైపు ఒక చిన్న ద్వీపానికి. అక్కడ వీపున గాలి సిలిండర్ కట్టి, మొహానికి అద్దం తొడిగి, సముద్రం అడుక్కి తీసుకెళ్ళి చేపలు చూపిస్తారు. వరసగా సెలవులు కలిసొచ్చిన వారంలో ఆఫీసువాళ్ళు బావని వదిలారు, అదీ అక్కడి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళమని. అప్పటికే మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, మమ్మల్ని చూడ్డానికని వచ్చి ఉన్నాడు. రైస్ మిల్లులో ఇంజను నడిపినవాడు. చెవుల్లో ఆ మోత ఉండిపోయిందేమో, పక్కనున్న మనిషితో కూడా కాలవ అవతలి గట్టుతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. ఆయన్నీ తీసుకెళ్ళాం.

బస్సులో బావ నిద్రపోలేదు. పడవలో నేను కక్కుకున్నాను. చేరేసరికి ఎవరికీ సముద్రం చూసే ఓపిక లేదు. కొబ్బరిచెట్ల కింద చెక్క గదులు, మధ్యలో భోజనాల పాక, పాక పక్కన కౌంటరు. కౌంటరు మీద ఫోన్ ఉంది. మాలో ఎవరమూ సామాను దించకముందే బావ దాన్ని చూశాడు.

మర్నాడు పొద్దున్న బావని నీళ్ళలోకి దింపాలి. మావయ్య కొబ్బరినూనె సీసా తీసి కొడుకు తలకీ, మొహానికీ, మెడకీ ఒత్తుగా పట్టించాడు.

“ఉప్పునీళ్ళురా, చర్మం పీకేస్తాయి.”

“చాల్లే నాన్నా, కారుతోంది.”

“కారనీ. సముద్రానికేం బరువా?”

డైవింగ్ మాస్టారు సింగపూర్ చైనీస్ మనిషి, ఎండకి మాడి మనకంటే నల్లగా ఉన్నాడు. కళ్ళనీ ముక్కునీ కలిపి మూసే అద్దం బావ మొహానికి తొడిగాడు. అది జారి గడ్డం మీదికొచ్చింది. మళ్ళీ తొడిగాడు, మళ్ళీ జారింది. మాస్టారు బావ చెంప మీద వేలు పెట్టి రాసి, వాసన చూసి, మావయ్య వైపు తిరిగి ఏదో అన్నాడు.

“ఏవిటే అంటాడు?” అన్నాడు మావయ్య మనవరాలితో.

“తాతా, హి సే యూ ఫ్రైయింగ్ డాడీ లా” అంది పాప, మాట చివర ‘లా’ తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

“వేపుడా? వేపుడెందుకు?”

బావ చాన్నాళ్ళకి పెదవి విప్పి నవ్వాడు. సబ్బుతో మొహం కడిగించాం. ఈసారి అద్దం నిలబడింది. కానీ లోతులేని నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని తల ముంచగానే లోపలికి నీళ్ళు వచ్చేశాయి. దగ్గుతూ లేచాడు. పట్టీ బిగించి మళ్ళీ ముంచారు. మళ్ళీ అంతే. మాస్టారు దగ్గరగా వచ్చి చూసి, నీళ్ళు ఎక్కడి నుంచి దూరుతున్నాయో కనిపెట్టాడు. బావ మీసం చాలా ఒత్తు. ఆ వెంట్రుకల సందులోంచే వస్తున్నాయి.

“షేవ్ లా, బ్రదర్” అన్నాడు, తన నున్నటి పెదవి మీద వేలితో గీసి చూపిస్తూ.

బావ అద్దం తీసేశాడు. “వద్దులే. పోదాం” అన్నాడు నాతో.

మాకు తండ్రి బతికుండగా కొడుకు మీసం తియ్యడు. తండ్రి పోయాక, కర్మలో తీస్తారు. తిరుపతిలో గుండు కొట్టించుకునేటప్పుడు కూడా మంగలి కత్తి ఆపి, “నాన్నగారున్నారా?” అని అడిగి మరీ మీసం వదిలేస్తాడు. నున్నటి పెదవితో ఎవరైనా ఎదురైతే మా ఊళ్ళో నోరు తెరిచి అడగరు, తల దించుకుంటారు. ఇదంతా మాస్టారికి ఎవరు చెబుతారు? పాపే చెప్పింది.

“కెనాట్, అంకుల్. తాత నాట్ డెడ్ యెట్.”

మాస్టారు మావయ్యని చూసి నాలిక్కరుచుకున్నాడు. బావ అప్పటికే ఒడ్డుకొచ్చి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అడుగులు గది వైపు వేస్తున్నాడు గాని చూపు మాత్రం కౌంటరు మీదే.

“ఏవిటే సంగతి? వాడెందుకు వెనక్కొచ్చేశాడు?” అని మావయ్య పాపనడిగాడు. అది సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో, పెదవి మీద వేలితో గీసి చూపిస్తూ చెప్పింది. మావయ్య ఇసకలో కూర్చుని కొడుకు వీపు వైపు కాసేపు చూశాడు. బావ వంగిపోయి నడుస్తున్నాడు. వాళ్ళిద్దర్లో ముసలివాడెవరో ఆ నిమిషంలో నాకే తెలియలేదు.

మావయ్య గదిలోకి వెళ్ళి మగ్గుతో నీళ్ళు, తన గడ్డం బ్రష్షు, రేజరు పట్టుకొచ్చాడు.

“కూర్చో.”

“నాన్నా, వద్దు.”

“నోరు ముయ్యి. సబ్బు నోట్లోకి పోతుంది.”

“అశుభం నాన్నా. చేపలు చూడకపోతే ఏం పోయింది?”

“నువ్వు చేపల కోసం వచ్చావా? ఆ సంగతి నాకు తెలీదా?” ఆయన అప్పటికే నురుగు పట్టించేస్తున్నాడు. “నేను పోయాక ఎవడో మంగలి తియ్యాల్సింది. ఉండగా నేనే తీస్తున్నాను. నాకు లేని పట్టింపు నీకెందుకు?”

ముందు ముక్కు కింద సన్నగా ఒక గీత మాత్రమే తీద్దామనుకున్నాడు. రేజరు జారి ఒకవైపు వంకర పోయింది. దాన్ని సరిచెయ్యబోతే రెండోవైపు ఎక్కువ తెగింది. పాప పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, “ఇంక లాభం లేదు” అని మొత్తం తీసేశాడు. నేను బావ పై పెదవిని చిన్నప్పుడు చూసిందే. మొహం కడుక్కుని తలెత్తితే మా అమ్మమ్మ ఇంట్లో నా జడ లాగిన కుర్రాడే. నేను ముచ్చటపడలేకపోయాను. అదేపనిగా మావయ్య వైపు చూశాను, ఊపిరి సరిగ్గా తీస్తున్నాడా లేదా అని.

అద్దం అతుక్కుంది. నీళ్ళు రాలేదు. మాస్టారూ బావా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నెమ్మదిగా దిగిపోయారు. పైన బుడగలు మిగిలాయి. మేం ముగ్గురం ఆ బుడగల్ని చూస్తూ చెక్కవంతెన మీద కూర్చున్నాం.

కౌంటరు అమ్మాయి పరుగున వచ్చింది. సింగపూర్ నుంచి ఫోన్. నేనే వెళ్ళాను.

“హి ఈజ్ అండర్ వాటర్” అన్నాను.

అవతలి మనిషి పైకి ఎప్పుడొస్తాడని అడిగాడు. అర్జెంటు అన్నాడు.

“ఐ డోంట్ నో. గ్యాస్ అయిపోతే” అన్నాను. సగం తెలుగులోనే. అతనికి ఏం అర్థమైందో, పెట్టేశాడు.

బావ పైకొచ్చాక ఏం చూశావని పాప అడిగితే అద్దం తీసి పక్కన పెట్టాడు. “చేపలున్నాయి. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు” అన్నాడు. అలాగే తడిబట్టలతో చెక్కల మీద ఒరిగి నిద్రపోయాడు. పాపని పక్కకి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. ఫోన్ సంగతి బావకి చెప్పలేదు. కానీ మళ్ళీ ఫోనొచ్చింది, ఆ అమ్మాయి మళ్ళీ పరిగెత్తుకొచ్చింది, చెక్కల మీద ఆమె అడుగుల చప్పుడుకే బావ లేచి కూర్చున్నాడు. మిగిలిన సెలవంతా కౌంటరు దగ్గరే. మేం తింటున్నప్పుడు కూడా ఫోన్ తీగ సాగినంత దూరంలోనే ఆయన కుర్చీ.

తిరిగొచ్చాం. మా బ్లాకు కింద సామానుతో లిఫ్టు కోసం నిలబడ్డాం. మావయ్య పాపని తీసుకుని ఐస్ కొనడానికి దుకాణం వైపు వెళ్ళాడు. అప్పుడు బావ ఆఫీసులోనే పనిచేసే మనవాడొకడు, పక్క బ్లాకులో ఉంటాడు, ఎదురొచ్చాడు. బావ మొహం చూసి ఆగిపోయాడు. ఏమీ అడగలేదు. బావ భుజం మీద చెయ్యి వేసి ఒత్తి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అలసిపోయి ఉన్నాడని జాలిపడ్డాడు కాబోలు అనుకున్నాను. నాకూ బుర్ర పనిచెయ్యడం మానేసింది.

మర్నాడు పొద్దున్న బావ లేవలేదు. అలారం మోగినా లేవలేదు. లేపడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. హాల్లో ఫోన్ మోగితే మావయ్య తీశాడు.

“ఆయ్, చెప్పండి... ఆయ్... ఎవరు?... ఆయ్...” తర్వాత చాలాసేపు విన్నాడు. మొహం ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. పడగ్గది తలుపు వైపు చూశాడు. “నేనా? దగ్గరి చుట్టాన్నేనండి. అలాగేనండి. చెబుతానండి.” పెట్టేశాడు.

“ఎవరు మావయ్యా?”

“ఆఫీసులో వాళ్ళ పెద్దాయన. మనవాడే, ఆ మాట తీరు గుంటూరు వైపుది. మంచోడు. నేను పోయానని తెగ బాధపడ్డాడు.”

“నువ్వు చెప్పలేదా?”

“కార్యాలన్నీ అయ్యేదాకా అబ్బాయిని కదిలించం, ఫోన్ కూడా చెయ్యం అన్నాడు. ఇంక నేనేం చెప్పేది?”

బావ మధ్యాహ్నం లేచి సంగతి విని, వెళ్ళి రిసీవరు మీద చెయ్యి వేశాడు. మావయ్య ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

“తప్పు నాన్నా. నువ్వుండగా ఇదేం మాట? అబద్ధం కూడాను” అన్నాడు బావ.

“నేను నిజంగా పోయిన్నాడు నువ్వు ఎన్నాళ్ళు సెలవు పెట్టినా నాకు కనపడవురా. అప్పుడు పడుకున్నావో, ఏడ్చావో, నేను చూడొచ్చానా? ఆ రోజులేవో ఇప్పుడు పెట్టు. నేను చూస్తుండగా పడుకో.”

బావ రిసీవరు వదిలేశాడు. తర్వాత ఫోన్ బల్ల పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికెళ్ళాను. నిద్రపోయాడు.

ఐదో రోజు, పెదవి మీద కాస్త నల్లబడ్డాక, బావ ఆఫీసుకెళ్ళి ఆ పెద్దాయనతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన “మీ నాన్నగారిని ఒకసారి మా ఇంటికి భోజనానికి తీసుకురా” అన్నాడట. ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. కాకపోతే బావ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ మోగినా ముద్ద పూర్తిచేసే లేచేవాడు. అంతే తేడా.

కానీ అంతకు ముందు ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో ఫోన్ మోగలేదు. బావ నిద్రపోయాడు, లేచి తిన్నాడు, మళ్ళీ నిద్రపోయాడు. కింద బల్లల దగ్గర కూర్చుని చైనీస్ ముసలాళ్ళ గళ్ళాట చూడ్డం మావయ్యకి ఎంత ఇష్టమో. మనవాళ్ళెవరైనా చూస్తారని అడుగు బయటపెట్టలేదు. కర్టెన్లు వేసుకుని సోఫాలో కూర్చునేవాడు. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“అమ్మాయ్, పోయినవాడికి టీ ఏమైనా దొరుకుతుందా?”

గ్లాసుతో ఇచ్చాను. ఊదుకుంటూ తాగాడు. లోపల బావ అటు నుంచి ఇటు ఒత్తిగిలిన చప్పుడైంది. నేను గిన్నె కింద పెట్టబోతుంటే మావయ్య చెయ్యి చాపి ఆపి, “నెమ్మది” అన్నాడు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.