చిప్ వదిలేదాకా

ల్యాబులో తీగలు అతికే సోల్డరు పొగ వాసన తగిలితే ఇప్పటికీ నాకు సరోజక్క గుర్తొస్తుంది. ఆమె బల్ల దగ్గర ఎప్పుడూ ఆ వాసనే. కోయంబత్తూరులో నా మొదటి ఉద్యోగంలో ఆమె మా జట్టుకు పెద్ద. చిన్నమనూరు ద్రాక్షతోటల ఇంటి మనిషి. నాది తిరుమంగళం. రెండూ తమిళనాడు ఊళ్ళే. ఇద్దరం బడిలో తమిళం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్ళం. ఈ తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి.

ఆసుపత్రి వార్డులో నాలుగు మంచాల రోగుల నాడిని వైఫై ద్వారా నర్సుల తెరకు పంపే పెట్టె ఒకటి అప్పుడు మేం తయారు చేస్తున్నాం. అందులోని చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం నేను రాశాను. చిప్‌లో ఉన్న కాస్త మెమరీని డ్రైవరూ చిప్పూ పంచుకోవాలి. డ్రైవరు ఆ మెమరీలో ఒక గడిలో నాడి అంకెలు పెడుతుంది. చిప్ వాటిని పంపేసి, అయిందని సంకేతం ఇచ్చాకే ఆ గడిని మళ్ళీ వాడాలి. వేగం చాలక, నేను ఆ సంకేతం కోసం ఆగడం మానేశాను. ల్యాబు పరీక్షలన్నిటిలో ప్రోగ్రాం నెగ్గింది. ఆగడం మానేసిన సంగతి అక్కకు చెప్పలేదు.

పెట్టెను మదురైలో ఒక ఆసుపత్రిలో పరీక్షకు పెట్టాం. వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. రెండో మంచం పెద్దాయన చెమటలు పట్టి ఆయాసపడుతుంటే, తెర మీద నాడి బాగానే ఉందట. నర్సు చేత్తో నాడి పట్టి చూసి డాక్టరును పిలిచింది కాబట్టి మనిషి దక్కాడు. చిప్ ఇంకా పంపుతుండగానే నా డ్రైవరు రెండో మంచం గడిలో నాలుగో మంచం అంకెలు పెట్టేసింది; తెర మీద పెద్దాయన పేరున కనబడింది ఆ నాలుగో మంచం నాడి.

అక్క మొదట పెట్టెను ఆపించింది. తర్వాత నావైపు తిరిగింది. తమిళంలో కణ్ణు అంటే కన్నా; నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేది.

"గడి ఖాళీ అని నీకెవరు చెప్పినారు కణ్ణు?"

"ఎవరూ చెప్పలేదక్కా. అయిపోయుంటుందని నేనే అనుకొంటిని."

"సరి, లే. మదురై బస్సు ఎక్కుదాము."

"నేనేంటికక్కా? మీరు చెప్తే చాలదా?"

"ఆ సిస్టరు మొగం చూసి నువ్వే చెప్పల్ల."

బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. చెప్పాల్సిన మాటను దారిలో పల్లడం ఊరు దాటకముందే నాలుగు రకాలుగా మార్చాను. అక్క ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టింది. "వేగం తగ్గితే తగ్గనీ. చిప్ వదిలేదాకా ఆ గడిని ముట్టద్దు," అంది. సంకేతం కోసం ఆగమని చెప్పే వరసలను ప్రోగ్రాంలో మళ్ళీ రాశాను.

ఆసుపత్రిలో ఆ నర్సు నేను చెప్పిందంతా విని, తమిళంలో ఒక్కటే అడిగింది: "సరిచేశామంటున్నారు. ఇక తెరను నమ్మొచ్చా?"

అక్కవైపు చూశాను. ఆమె గడ్డంతో నర్సువైపే చూపించింది.

"ఇంకా వద్దు సిస్టర్," అన్నాను.

అక్క ఉద్యోగం మానేసి తోటకు వెళ్ళిపోయి చాలాకాలమైంది. పరీక్షలన్నిటిలో నెగ్గిందని ఎవరైనా వచ్చి చెబితే నాకు ఈనాటికీ సంతోషం రాదు, గుబులు పుడుతుంది. ఇందులో నాకు తెలిసింది ఎంత, నేను అనుకున్నది ఎంత అని మొదటినుంచి చూసుకుంటాను. అది తేలేదాకా ఏ పెట్టెనూ బయటికి పంపను.