గంట గోపురం ఎక్కిన ఆండాళ్

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో, కౌంటీ ఇంజనీరు ఆఫీసులో పనిచేసే ఆండాళ్‌ని ఎరగనివారు లేరు. చలికాలం చీర మీద పొడుగు కోటు, కాళ్ళకు బూట్లు. రోజూ మధ్యాహ్నం పెరుగన్నం తినేసి, నూరేళ్ళ నాటి కోర్టు భవనం చుట్టూ ఒకసారి నడిచేది. నడుస్తూ నడుస్తూ ఆగి, ఇటుకలను వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి వినేది. మొదట్లో జనం నవ్వుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. 1982 వసంతంలో, కోర్టు గంట గోపురం కూలేలా ఉందని, మొత్తం పడగొట్టి పార్కింగ్ స్థలం చేద్దామని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టారు. సభలో ఆండాళ్ లేచి నిలబడింది.

"గోడలు గట్టిగానే ఉన్నాయి. పైకప్పు అంచున వాన నీళ్ళు పోయే గట్టర్ పగిలి కారుతోంది, అంతే. అది రిపేర్ చేస్తే చాలు."

"మీరు పైకెక్కి చూశారా?" అన్నాడు మేయర్.

"మూడుసార్లు ఎక్కాను."

"ఈ చీరతోనా?"

"చీరతోనే. రేపు మీరూ రండి, చూపిస్తాను."

హాలంతా గొల్లున నవ్వింది. మేయర్ మాత్రం మర్నాడు ఆమె వెనకే నిచ్చెన ఎక్కాడు. వారం తర్వాత ఓటింగులో, కూల్చవద్దని మొదటి చెయ్యి ఎత్తింది అతనే. కూల్చవద్దని అయిదు ఓట్లు, కూల్చాలని రెండు ఓట్లు పడి కోర్టు నిలిచింది.

అక్టోబరులో మరమ్మతు పూర్తయ్యాక, గంట తాడు ఆమె చేతికే ఇచ్చారు. ఆండాళ్ కొంగు నడుముకు బిగించి రెండు చేతులా లాగింది. మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాల వాళ్ళంతా రోడ్డు మీదికొచ్చి చప్పట్లు కొట్టారు.

"ఇక చాల్లే, షోల్డర్ పట్టేస్తుంది!" అని కింద నుంచి భర్త అచ్యుతరావు కేకేశాడు.

"ఉండండీ, నాకింకా తనివి తీరలేదు!" అంటూ ఆమె మళ్ళీ లాగింది.