ఇంజన్ ఆగలేదు, వణుకు ఆగింది

దెయ్యాలను నేను నమ్మను. ముందే చెబుతున్నాను, ఇది చదివి ఎవరైనా నిమ్మకాయలు పట్టుకొని మా ఇంటికి వస్తే మర్యాద దక్కదు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ మెయింటెనెన్స్ పని చేశాను. రాత్రి షిఫ్టుల్లో ఖాళీ గోదాముల్లో ఒక్కణ్ణే తిరిగాను. పిల్లులు, గబ్బిలాలు తప్ప నాకక్కడ ఏమీ కనబడలేదు.

అయినా ఇది రాస్తున్నానంటే కారణం ఉంది. ఆ రోజు చెరువులో జరిగినదాన్ని జనం తలో రకంగా చెప్పుకుంటున్నారు. అందరికీ అందులో మహిమే కావాలి. నాకు మాత్రం అది గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలా చోట్ల పనిచేసి చివరికి ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. మోస్రా అవతల ఒక పెద్ద చెరువులో పూడిక తీసే పని అతనిది. అందుకు డ్రెజ్జర్ అనే మిషన్ తెచ్చాడు. నీళ్ల మీద తేలే వెడల్పాటి ఇనుప పడవ అది. మధ్యలో గుంతలాంటి గది, అందులో డీజిల్ ఇంజన్, దానికి బిగించిన పంపు. ముందుకు చాచిన గొట్టం చెరువు అడుగు మట్టిని కోసి నీళ్లతో పాటు పీలుస్తుంది. వెనక పైపు ఆ బురదను ఒడ్డు మీదికి చిమ్ముతుంది.

దాన్ని నడిపేది జహంగీర్ భాయ్. బోధన్ మనిషి. వాళ్ల తాత, తండ్రి గడియారాలు బాగుచేసేవాళ్లు. ఆయన కూడా మొదట్లో ఆ పనే చేశాడు. ఆవగింజంత స్క్రూను వేళ్ల కొసలతో తీసి పెట్టగలిగిన మనిషి. గడియారాలు బాగుచేయించుకునేవాళ్లు లేకుండా పోయాక ఈ మిషన్ ఎక్కాడు. మిషన్ మీద మిగతా పనులకు సాయిలు అని వర్ని వైపు మనిషి ఒకడు ఉండేవాడు.

ఆ మిషన్ వణుకు మామూలుది కాదు. టీ గ్లాసు కింద పెడితే తనంతట తానే నడుచుకుంటూ అంచుదాకా పోయి చెరువులో పడేది. మీటరు ముల్లు ఎక్కడుందో కంటికి ఆనేది కాదు. సాయంత్రం ఒడ్డుకు దిగాక కూడా కాళ్ల కింద నేల ఊగుతున్నట్టే ఉండేది.

ఇందులో మాయ ఏమీ లేదు. కారణాలన్నీ నాకు తెలుసు. పంపు లోపల తిరిగే ఇంపెల్లర్‌కు రాయి తగిలి ఒక రెక్క కొస విరిగింది. ఒక పక్క బరువు తగ్గిన చక్రం తిరిగితే ఎగరక ఏం చేస్తుంది? ఇంజన్, పంపు ఒక్క వరసలో లేవు. ఇంజన్ కింద అదురును మింగాల్సిన మౌంటింగ్ రబ్బర్లు నూనె తాగి, ఎండి, రాళ్లయిపోయాయి. గొట్టం ముందు మట్టి కోసే పళ్లు ఒకటి అరిగి, ఒకటి అరగక అడ్డదిడ్డంగా ఉన్నాయి. అదురుతో బోల్టులు వదులయ్యేవి. ఈ రోజు బిగిస్తే మర్నాటికి మళ్లీ వదులు. వెల్డింగు అతుకుల దగ్గర సన్నటి పగుళ్లు వచ్చాయి.

ఏం చేయాలో కూడా చెప్పాను. రబ్బర్లు మార్చాలి, ఇంపెల్లర్‌ను సరిచేయించాలి, ఇంజన్నూ పంపునూ ఒక వరసకు తేవాలి, పళ్లన్నీ ఒకేసారి వేయాలి. నడిపే మనిషికి స్ప్రింగు సీటు ఇవ్వాలి, గట్టి మట్టి తగిలినప్పుడు వేగం తగ్గించాలి. సామాను సిద్ధంగా ఉంటే ఒక్క రోజు మిషన్ ఆపితే చాలు. రబ్బర్లు నేనే నిజామాబాద్ నుంచి తెప్పించి ఒడ్డు మీది షెడ్డులో పెట్టించాను కూడా.

కాంట్రాక్టరు నవ్వాడు. "మిషనన్నంక ఊగదా గంగాధర్? వానలు పడేలోపు పూడిక తియ్యాలె. ఒక్క రోజు గూడ ఆపేది లేదు" అన్నాడు. అడిగిన ప్రతిసారీ ఇదే మాట. స్ప్రింగు సీటు రాలేదు. జహంగీర్ భాయ్ గోనె సంచి మడిచి ఇనుప సీటు మీద వేసుకున్నాడు.

ఆయన వేళ్లు తెల్లబడటం మొదలైంది. ముందు కొసలు, తర్వాత కణుపులదాకా. రోజంతా ఆ లివర్లు పట్టుకుంటే రక్తం ఆడదు, స్పర్శ పోతుంది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. గడియారం విప్పిన చేతులతో గుండీ పెట్టుకోలేకపోవడం ఏమిటి? ఆయన మాత్రం సాయిలు వైపు చెయ్యి చాచి "జర పెట్టు భాయ్" అనేవాడు, అంతే.

ఇక ఆ రోజు సంగతి. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. పంపు దగ్గర నీళ్లు కారుతుంటే బిగించడానికి జహంగీర్ భాయ్ గుంతలోకి దిగాడు. అది ఇంజన్ నడుస్తుండగానే చేసే పని, ఎప్పుడూ చేసేదే. గుంత మీద అడ్డంగా ఒక ఇనుప దూలం ఉండేది, పంపును పైకి ఎత్తాల్సి వచ్చినప్పుడు గొలుసు వేయడానికి. అదురుకు దాని బోల్టులు ఊడిపోయి ఒక కొస కిందికి జారింది. ఆయన కాలు దాని కింద ఇరుక్కుంది. రెండో కొస గుంత అంచు మీద వేలెడు ఇనుమును పట్టుకొని ఆగింది. సరిగ్గా ఆయన ఛాతీకి పైన.

మిషన్ అదిరినకొద్దీ ఆ కొస అంచు మీద నుంచి జారుతోంది. నా కళ్ల ముందే జారుతోంది.

ఇంజన్ ఆపుదామంటే పైనుంచి ఆపే తీగ అంతకుముందే అదురుకు ఒరుసుకొని తెగిపోయింది. ఆపే మీట లోపల, దూలానికి అవతల ఉంది. నేను పరుగెత్తి డీజిల్ ట్యాంకు కాక్, అంటే డీజిల్ వదిలే కుళాయి, కట్టేశాను. కానీ గొట్టంలో, ఫిల్టరులో ఉన్న డీజిల్ అయ్యేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. అంతసేపు ఆ దూలం ఆగదని నాకు తెలుసు. సాయిలు గడ్డపార పట్టుకొని ఏడుస్తున్నాడు.

అప్పుడు వణుకు ఆగింది.

ఇంజన్ ఆగలేదు. అదే చప్పుడు, అదే పొగ. పంపు తిరుగుతూనే ఉంది. కానీ నా పాదాల కింద ఇనుము కదలడం లేదు. ముందు నా కాళ్లే చచ్చుబడ్డాయేమో అనుకున్నాను. మీటరు వైపు చూశాను. ముల్లు నిలబడి ఉంది, దాని వెనక అంకె కనబడింది. పని మొదలైనప్పటి నుంచి నేను ఆ అంకెను చూడటం అదే మొదటిసారి. గుంత అడుగున చేరిన నూనెలో సాయిలు ముఖం చెదరకుండా కనబడింది.

దూలం అంచు మీదే ఉంది. జారడం లేదు.

నేను దిగాను. సాయిలు గడ్డపారతో కింది కొసను ఎత్తాడు, నేను జహంగీర్ భాయ్ చంకల కింద చేతులు వేసి లాగాను. ఒకసారి గడ్డపార జారింది, మళ్లీ పెట్టాడు. తొందరగా అయిన పని కాదది. ఆయన్ని పైకి తెచ్చి పడుకోబెట్టి నేను నిలబడ్డానో లేదో, పడవ ఒక్కసారిగా అదరడం మొదలుపెట్టింది. దూలం జారి, ఆయన పడి ఉన్న చోటే పడింది. ఆ తర్వాత కాసేపటికి ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

డీజిల్ తగ్గి ఇంజన్ నెమ్మదించి ఉంటుందని మీరనవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఒడ్డు మీద పైపు కొస దగ్గర పనిచేసే పోసాని అక్కను అడిగితే, బురద కొంచెం కూడా తగ్గలేదంది. "మీ పడవ సుట్టు నీళ్లు అద్దంలెక్క అయినయ్. ఇంజన్ బందైందనుకున్న. కని సప్పుడు ఇనబడుతనే ఉండె, బురద గట్లనే దుంకుతుండె" అంది. ఆ సాయంత్రమే ఇంజన్ నడిపి, ఆ కాక్ కట్టేసి నేనే మళ్లీ మళ్లీ పరీక్షించాను. డీజిల్ అయిపోతున్నప్పుడు ఇంజన్ ఇంకా ఎక్కువ ఎగిరింది. ఒక్కసారి కూడా నిమ్మళించలేదు.

నిజామాబాద్ ఆసుపత్రిలో, కాలికి కట్టుతో, జహంగీర్ భాయ్ ఇంకో మాట చెప్పాడు. "గప్పుడు నాకు ఇనుము సల్లగ తాకింది గంగాధర్. కసమ్‌సే, ఒట్టు. చేతులు మల్ల నావే అయినయ్, ఏలు ఏలు తెలిసింది. ఇంజన్ మల్ల ఊగంగనే పోయినయ్." ఇది చెబుతూ తన వేళ్లనే చూసుకుంటున్నాడు. నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను.

ప్రమాదం జరిగిన సాయంత్రమే కాంట్రాక్టరు చెరువు దగ్గరికి వచ్చాడు. అంతా విని, చెరువు కట్ట మీది మైసమ్మకు దండం పెట్టాడు. "గింత జరిగినంక మనిషి బతికిండంటే అమ్మ దయనే. రేపు మిషన్ బంద్. యాటలు కొయ్యాలె" అన్నాడు.

బంద్. ఒక్క రోజు. నేను గొంతు పోయేలా అడిగినా దొరకని ఆ ఒక్క రోజు, మేకలు కోయడానికి దొరికింది.

పళ్లు కొరుక్కుంటూనే, "ఎట్లాగు ఆపుతున్నరు గద, షెడ్డుల ఉన్న రబ్బర్లు ఎక్కిస్త" అన్నాను. "అమ్మకు చేసే పూట పానా పట్టద్దయ్యా, అరిష్టం" అన్నాడు. ఆ రోజంతా కట్ట మీద వంటలు, డప్పులు. కొత్త రబ్బర్లు షెడ్డులో సంచిలోనే ఉన్నాయి. ఇంజన్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయల దండ కట్టారు.

మర్నాడు స్టార్ట్ చేయనన్నాను. సాయిలుతో చేయించాడు. దండ తెగి నిమ్మకాయలు ఇనుము మీద ఎగురుతూ అంచుదాకా వెళ్లి ఒక్కొక్కటే నీళ్లలో పడ్డాయి. కాంట్రాక్టరు అది చూసి కూడా "అమ్మ చూసుకుంటది" అన్నాడు. నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి అక్కడే పని మానేశాను.

ఈ మధ్య బోధన్ వెళ్లి జహంగీర్ భాయ్‌ని చూశాను. బతికి బయటపడ్డ మనిషిని చూడటానికి జనం ఇంకా వస్తున్నారు. కొందరు మైసమ్మ అంటారు, కొందరు దర్గా బాబా అంటారు. వాళ్ల ముందే ఆయన భార్య టీ గ్లాసు ఆయన నోటికి అందించింది. ఆ చేతుల సంగతి ఒక్కరూ అడగలేదు. అందరూ వెళ్లాక ఆయన నాతో, "అమ్మనో బాబానో నాకెందుకు గంగాధర్? గా సాయిలు కోసమన్న రబ్బర్లు ఎయ్యుమను" అన్నాడు.

తిరిగి వస్తూ చెరువు కట్ట దగ్గర బండి ఆపాను. దూరంగా మిషన్ అదురుతోంది, ఇనుప సీటు మీద సాయిలు ఉన్నాడు. మైసమ్మ రాయి ముందు నిలబడ్డాను. దండం పెట్టలేదు. "ఆపగలిగినదానివి ఎందుకు వదిలేసినవ్?" అని గట్టిగా అడిగాను. కట్ట మీద గొర్రెలు కాసేవాళ్లు తిరిగి చూశారు.

నమ్మనివాణ్ణి రాయిని ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆ మిషన్‌ను వణికించేదేమిటో బోల్టు బోల్టునా చెప్పగలను. ఆ కాసేపు దాన్ని పట్టి ఆపిందేమిటో నాకు తెలియదు. జహంగీర్ భాయ్ చేతులు ఆయనకు ఇచ్చినట్టే ఇచ్చి, మళ్లీ ఎందుకు లాక్కుందో అసలే తెలియదు.