గొంగడి కింద నీలి వెలుగు

తడిసిన ఉన్ని వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ ఉదయం ముసురు పట్టింది. షాపు తలుపు తీసేసరికి, మేకుకు తగిలించిన నల్ల గొంగడి మీద పైకప్పు నుంచి చుక్కలు పడి, గొర్రెల మంద లోపలికి వచ్చినట్టు వాసన కొడుతోంది. వానలో ఆగిపోయిందని ఆటోను తోసుకొచ్చిన కుర్ర డ్రైవరు ముక్కు మూసుకుని, "అన్నా, కరెంటు పని షాపుల గొంగడెందుకే?" అని నవ్వాడు. నేనూ ఒకప్పుడు అచ్చం అలాగే నవ్వాను. అది అందరూ చిన్నాన్న వరసలో పిలుచుకునే కొమురయ్య కాక గొంగడి. బండ్ల కరెంటు పని తెలిసినవాళ్లు వరంగల్‌లో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అలాంటి మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు.

డెబ్బైల చివరి సంగతి. మాది నేతపని ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడం నా వల్ల కాక, ములుగు మీదుగా ఏటూరునాగారం దాకా జనాన్ని తిప్పే జీపు మీద డ్రైవరుగా చేరాను. ఆ రోజు నుంచి మా బాపు నాతో మాట మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, "వాణ్ని తినుమను" అని అమ్మతో చెప్పించేవాడు. ఏం మొండిపట్టో! ఆ ఎండాకాలంలో ఇంజనుకు నిప్పురవ్వను మోసుకెళ్లే లావు వైరు బీటలు వారింది. కొత్తది ఎక్కడా దొరకడం లేదని ఒకనాడు అమ్మ దగ్గర గొణిగాను. మర్నాడు బానెట్ ఎత్తితే ఆ వైరు పొడుగునా సన్న నూలు, పోగు మీద పోగు ఎక్కకుండా, గంజి పట్టించి చుట్టి ఉంది. చుట్టిందెవరో అడగక్కర్లేదు. బాపు తలెత్తకుండా నేస్తూనే ఉన్నాడు. ఆ పూట జీపు నడుపుతుంటే దారి సరిగా కనిపించలేదు, కళ్లు అంతగా చెమ్మగిల్లాయి.

వానలు మొదలయ్యాక జీపుకు రోగం పట్టుకుంది. ముసురు పట్టిన పొద్దున కదలనంటే కదలదు. తోసి తోసి మా వాడకట్టు వాళ్ల నడుములు పడిపోయేవి. మధ్యాహ్నం కాస్త ఎండ పొడిచిందంటే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను, బ్యాటరీ కూడా మార్పించాను. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లే వేళకు అది బుద్ధిగా ఉండేది, ఇక ఎవరికి దొరుకుతుంది? ఎదురుచూసి విసిగిన జనం బస్సెక్కిపోయేవారు. చివరికి జీపు యజమాని జనార్దన్ పటేల్ తేల్చి చెప్పేశాడు: "ఇంకొక్కపారి ఆగిందంటె తాళంచెవి నా చేతుల పెట్టి, పోయి మగ్గం నేసుకో." నేయడం చిన్నతనమని కాదు. మాట్లాడని తండ్రి పక్కన ఓడిపోయి కూర్చోవడం నా వల్ల కాదు.

అప్పుడు ఎవరో చెబితే కొమురయ్య కాక దగ్గరికి వెళ్లాను. గొర్రెలు కాసే ఇంట పుట్టి కరెంటు పనిలో పడ్డ మనిషి. మండుటెండలో కూడా భుజం మీద ఆ గొంగడే, చూసి నవ్వాను. జీపు వైపు చూడనైనా చూడలేదు.

"ఎప్పుడు ఆగుతాంది?"

"వాన పడ్డ పొద్దుగాల, కాకా."

"సామాను మార్చినవా?"

"చానా మార్చిన."

"అనుమానం మీద సామాను మార్చుడు పనిగాదు పిలగా. జరం ఉన్నప్పుడే నాడి చూడాలె. వాన పడ్డనాడు కబురు పెట్టు, నేనే వస్త. ఫికర్ చెయ్యకు."

నాలుగు ప్రశ్నలు కూడా అడగకుండా పంపేశాడే అని నాకు ఒళ్లు మండింది.

వాన పడ్డ పొద్దున కబురు పెడితే, అన్న మాట ప్రకారం వచ్చాడు, గొంగడి నెత్తిన కప్పుకుని నడుచుకుంటూ. అప్పటికే పటేల్ మా వాకిట్లో నిలబడి తాళంచెవికి చెయ్యి చాపాడు. కాక బానెట్ ఎత్తి, ఇంజను మీదా తన మీదా గొంగడి కప్పేసుకున్నాడు. "రాజేశం, నువ్వుగూడ లోపటికి రా," అని నన్ను పిలిచాడు. "పటేలా, ఉత్తగ నిలబడ్తవేంది, జర సెల్ఫ్ కొట్టు." పటేల్ నోరెళ్లబెట్టి, వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

లోపల కటిక చీకటి. ఉన్ని వాసన, పెట్రోలు వాసన, మా ఇద్దరి ఊపిరి. సెల్ఫ్ మూలిగింది. అబ్బ! ఆ చీకట్లో, మా బాపు చుట్టిన నూలు పొడుగునా వెంట్రుక లావు నీలి వెలుగులు చిటచిటమంటూ పాకి ఇనుములోకి దిగిపోతున్నాయి. అంతకాలం జీపు నడిపి, దాని ప్రాణాన్ని నేను కళ్లతో చూసింది అదే మొదటిసారి. చేతులెత్తి మొక్కాలనిపించింది.

"చూసినవా? గంజి తడి గుంజింది. కరెంటుకు అడ్డతొవ్వ దొరికింది, ప్లగ్గు దాక పోతలేదు," అన్నాడు కాక మెల్లగా. "అన్ని విప్పినవు, ఇదొక్కటి విప్పలేదేంది?"

"మా బాపు చుట్టిండు కాకా. మాట్లాడడు. ఇదొక్కటే..."

ఆయన గొంగడి తీసేశాడు.

మేం బయటికి వచ్చేసరికి పటేల్ దిగివచ్చి వైరు చూసి నవ్వాడు. "ఎవడు చుట్టిండు ఇది? జీపనుకున్నడా, మగ్గమనుకున్నడా?" ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. బాపు గడపలోకి వచ్చి, "నేనే చుట్టిన" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెన్నడూ వినలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నవ్వకు పటేలా," అన్నాడు కాక. "వైరు పగిలి చానా దినాలాయె. ఈ చుట్టు లేకుంటె ఎండకాలమే నీ బండి మూలకు పడుతుండె." అది ఓదార్పు కోసం అన్నది కాదు, నిజం. నేను పటకారు అందిస్తే నన్ను కసురుకున్నాడు. "దీన్ని కోస్తార్రా ఎవలన్న?" గోటితో నూలు కొస వెతికాడు. బాపు లోపలికి పోయి నూలు చుట్టే కండె తెచ్చి ఇచ్చాడు. కాక చూరు కింద నిలబడి, ఒక్క పోగు తెగకుండా విప్పి కండెకు చుట్టి, బాపు చేతిలో పెట్టాడు. తర్వాత తన సంచీలోంచి మంచి వైరు తీసి బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. పటేల్ తాళంచెవి సంగతే ఎత్తలేదు.

"అన్నా," అన్నాడు కాక మా బాపుతో, "గంజి లేకుండ చుట్టి, మీద వార్నిష్ పూస్తె లైట్ల వైర్లు ఏండ్లకేండ్లు ఒరుసుకపోవు. నా షాపుకు నీ చెయ్యి కావాలె."

బాపు తల ఊపాడు. స్టీరింగు ముందు కూర్చోబోతున్న నా వైపు తిరిగి, "తిని పో రా" అన్నాడు.

ఎనభైల పొడుగునా నేను కాక దగ్గర పని నేర్చుకున్నాను. బాపు ఆయన షాపు అరుగు మీద కూర్చుని వైర్లకు నూలు చుట్టేవాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ, తాగిన చాయలు ఎక్కువ. తన చూపు మందగించాక కాక ఆ గొంగడి తెచ్చి నా భుజం మీద వేసి, "చీకటి చేసుకుంటెనే కనవడ్తది, మరువకు" అన్నాడు.

ఈ ఉదయం ఆటో మీద ఆ గొంగడే కప్పాను. నీలి వెలుగు కనిపించింది. ప్లగ్గు వైరుకు పాత చీర పేలిక గట్టిగా చుట్టి, కొస లోపలికి దోపి ఉంది.

"ఎవరు చుట్టిన్రు తమ్మీ?"

"మా అమ్మ," అన్నాడు కుర్రవాడు సిగ్గుపడుతూ. "కోసి పారెయ్యన్నా."

పటకారు పక్కన పెట్టి, గోటితో కొస వెతకడం మొదలుపెట్టాను.