వక్కలతో కొలిచిన అడవి

పోయిన వారం మా ఊరి సభలో ఒక కుర్ర ఆఫీసరు తెర మీద ఉపగ్రహం ఫోటోలు చూపించాడు. పాత ఫోటో నుంచి కొత్త ఫోటో దాకా అడవి ఎంత తగ్గిందో కొలవడం ఆయన ఉద్యోగం. మా వైపు ఏమీ తగ్గలేదట. "మొదటి ఫోటోలోనే ఇక్కడ చెట్లు లేవు కదమ్మా" అన్నాడు, మర్యాదగానే. అంటే ఇది ముందునుంచీ ఉత్త రాళ్లభూమి అని రాసుకుంటారు. ఫ్యాక్టరీల వెనక మిగిలిన ఒక్క మోదుగల గుట్టనూ గోదాములకు ఇచ్చేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫోటో తీయకముందే ఈ అడవిని కొలిచిన మనిషి మా ఇంట్లో ఉండేది.

ఆమె మా మేనత్త. ఎండాకాలమంతా మోదుగాకు తెచ్చి, చీపురు పుల్లలతో విస్తర్లు కుట్టి, కంది ఊరి నుంచి పటాన్‌చెరు దాకా పెళ్లిళ్లకు పంపేది. ఆమె కుట్టిన విస్తరిలో పప్పుచారు పోసినా చుక్క కారేది కాదు. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది. ఆకుకు బయలుదేరేటప్పుడు గడప దాటుతూ నోట్లో ఒక వక్క వేసుకునేది. అది నమిలి అయిపోయేసరికి మొదటి మోదుగ చెట్టు వచ్చేది. నా చిన్నప్పుడు అడవి మా ఇంటికి ఒక్క వక్క దూరం. ఫ్యాక్టరీ ప్రహరీ లేచాక రెండు వక్కలయింది. రోడ్డు వెడల్పయ్యాక మూడు. నాలుగు దగ్గర ఆగింది. ఏళ్లు గడిచినా నాలుగే. "ఇగ ఆగింది బిడ్డా, వాళ్లకు కడుపు నిండినట్టుంది" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. మేమూ నమ్మాం.

నాకు పాతికేళ్లప్పుడు ఒకసారి వెంట వెళ్లాను. ఇద్దరం ఒకేసారి వక్క వేసుకున్నాం, పక్కపక్కనే నడిచాం. గుట్ట చేరేసరికి ఆమెకు నాలుగు, నాకు ఏడు. అత్త ఎండలో అలాగే నిలబడిపోయింది. దవడ పళ్లు ఒక్కొక్కటే ఊడిపోతుంటే వక్క అరగడం ఆలస్యమవుతూ వచ్చింది. అడవి దూరం జరుగుతూనే ఉంది, ఆమె లెక్క మాత్రం నాలుగు దాటలేదు. "నా పండ్లు గూడ వాళ్ల దిక్కే సాక్ష్యం చెప్పినయి గదనే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను, ఏడ్చింది. ఇంటికొచ్చాక వక్కల సంచి నా నడుముకు దోపింది. "ఇగ నువ్వు నములు. నీ పండ్లు ఊడితే ఇంకోళ్లకియ్యి. కొలుసుడు ఆపకుండ్రి."

ఇదంతా సభలో లేచి చెప్పాను. ఆఫీసరు ఓపికగా విని, వక్కల కొలత రికార్డుకు ఎక్కదని చెప్పి, సంతకం కోసం సభ వివరాల కాగితం ముందుకు జరిపాడు.

"ఇప్పుడే సంతకం పెట్టను. ముందుగాల మా ఇంటికాడికి నడువుండ్రి సారు" అన్నాను.

నా దవడ పళ్లు కిందటేడే సెలవు తీసుకున్నాయి. అందుకని మా గడప దగ్గర వక్క ఆయన చేతిలోనే పెట్టాను. "మీరు నమలుండ్రి. మీయి పడుసు పండ్లు." వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి నోట్లో వేసుకున్నాడు. లారీల మధ్య నుంచి, మందుల ఫ్యాక్టరీ కంపు ముక్కులు పగలగొడుతుంటే నడిచాం. ఒక ప్రహరీ పక్కన ఆగి "అయిపోయిందమ్మా" అన్నాడు. నా చిన్నప్పుడు అడవి మొదలైన చోటు అదే. నేను గోడ అడుగుకు వేలు చూపించాను. అక్కడ నా తొడంత మోదుగ మొద్దు, దాని నిండా మూడేసి ఆకుల పిలకలు. కాపలావాళ్లు ఏటా నరుకుతారు, అది ఏటా లేస్తుంది. ఆయన వంగి మొద్దును తడిమి చూశాడు. తర్వాత కాగితం మీద 'ఇక్కడ ఒకప్పుడు అడవి ఉండేదని స్థానికుల వాదన' అని రాశాడు.

"వాదన గాదు సారు. కొలత అని రాయుండ్రి."

కొట్టేసి మళ్లీ రాశాడు. అప్పుడు సంతకం పెట్టాను. గుట్ట దక్కుతుందో లేదో ఇంకా తెలియదు. కానీ వాళ్లు ఫోటో తీసిన రోజే కాలం మొదలైందంటే మాత్రం, పళ్లు లేని ఈ నోటితోనే, నేను ఒప్పుకోను.