గంజి కారని ముడి

కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో ఇరవై రెండేళ్లుగా సహాయకుడిగా పనిచేస్తున్న మనిషిని అందరూ బాబాయి అంటారు. చదివింది ఎనిమిదో తరగతే. కానీ కణత్వచం దేన్ని పోనిస్తుందో, దేన్ని ఆపుతుందో ఆయన చూపించినట్టు ఎవరూ చూపించలేరు. సెలోఫేన్ కాగితంలాంటి పల్చటి గొట్టంలో గంజి పోసి, రెండు కొసలూ ముడివేసి, అయోడిన్ కలిపిన నీళ్లలో దించుతాడు. సన్నటి అయోడిన్ లోపలికి దూరి గంజిని నీలం చేస్తుంది. లావుపాటి గంజి బయటికి రాలేదు. గ్లాసులో నీళ్లు గోధుమరంగులోనే ఉంటాయి. కిటుకంతా ముడిలోనే. కొసను మెలితిప్పి, మడిచి, దారంతో బిగించి, సంచిని పైన శుభ్రంగా కడగాలి.

"అక్కడ చుక్క కారనివ్వరు. ఇంట్లో కుళాయి మూడు నెలలుగా ఏడుస్తోంది," అని దెప్పుతుంది భార్య.

ఈసారి తనిఖీ ఆయన ఉద్యోగం మీదే. గంజి కాచడానికి ఒక పోస్టు ఎందుకని పైవాళ్లకు అనుమానం వచ్చింది.

తనిఖీ అధికారిణి వచ్చేసరికి లెక్చరర్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "నువ్వు పక్కన నిలబడు బాబాయ్. ఈ నమూనా మీద కంప్యూటర్లో మూడేళ్లు పనిచేశాను."

"ముడి కూడా కంప్యూటర్లోనే వేశారా సార్?"

"ముడిదేముందయ్యా! రోజూ బూట్ల లేసులు కట్టుకోవట్లా?"

అదే ముడి వేశాడు. గంజి చేతులతోనే సంచిని గ్లాసులో దించి, త్వచం ఎంత వివేకం గల కాపలాదారో అరగంటసేపు వర్ణించాడు. ఈలోగా గ్లాసు మొత్తం సిరాబుడ్డి అయింది.

"చూశారా మేడమ్, మార్పిడి ఎంత చురుగ్గా జరిగిందో!"

అధికారిణి కలం తీసి, పక్కనున్న ఇంకో గ్లాసు చూసింది. అలవాటు కొద్దీ బాబాయి పొద్దున్నే పెట్టిన గ్లాసది; సంచి నీలంగా, నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి. "ఇది సగమే పనిచేసిందేం?"

నోరు విప్పితే లెక్చరర్‌తో తగువు. విప్పకపోతే పోస్టు గోవిందా. ఆ రెండూ అటుంచి, మంచి పనిని సగం అన్నారని బాబాయికి ఒళ్లు మండింది.

"అది మొత్తం పనిచేసిందమ్మా. బయటి నీళ్లు నీలం కాకపోవడమే దాని పని. సారుది కారింది."

"ఏమయ్యా!" అన్నాడు లెక్చరర్.

బాబాయి లెక్చరర్ సంచిని తీసి, తుడిచి, తెల్లకాగితం మీద పట్టుకున్నాడు. లేసు ముడిలోంచి ఒక నీలం చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తన సంచినీ అలాగే పట్టుకున్నాడు. కాగితం తెల్లగానే ఉంది.

అధికారిణి కలం మూత తీసింది.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది: సహాయకుడి పోస్టు కొనసాగించాలి; లెక్చరర్‌కు ముడి వేయడంలో శిక్షణ ఇప్పించాలి.

శిక్షణ మొదటిరోజు లెక్చరర్ లావుపాటి నోటుపుస్తకం తెరిచాడు.

"అది మూసెయ్యండి సార్, తడుస్తుంది," అన్నాడు బాబాయి. "ముందు చేతులు కడుక్కోండి."